ఐదో సీసాలో చారా

నవంబర్ 4
జేజి మంచం, నీళ్ల తొట్టి, వాకిలి. ఇంతకు మించి అడుగు పడదు. నాయనను కన్నతల్లి జేజి పడి తుంటి విరిగినప్పటి నుంచి నాకు కర్నూలు కాలేజీ లేదు. పొద్దున్నే నాయన నాపరాళ్ల గనికి, అమ్మ రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకి. జేజి పక్కన నేను.
బోటనీ మేడమ్ ఫోన్. "మంచినీటి శైవలాలు ఐదు రకాలు సేకరించి పద్దెనిమిదిన ప్రాక్టికల్స్‌కి రా శిరీషా. హాజరు సంగతి నేను మాట్లాడతా. రాకపోతే మాత్రం ఏడాది పోయినట్టే."
నాయనకు చెప్పాను. "జేజి లేచి నడిస్తే పోదువులే."

నవంబర్ 5
శైవలం. పలికితే నాలుక చల్లబడే మాట. జేజి ముందు నాలుగు సార్లు అన్నాను.
"పాశి అనేదానికి నోరు తిరగదా నీకి?"

నవంబర్ 7, శుక్రవారం
పోయింది. తొట్టిలో పెంచుకున్న స్పైరోగైరా అంతా... అమ్మ కొబ్బరిపీచుతో తొట్టి నాపరాళ్లు తెల్లగా తోమేసింది. "శుక్రవారం పూట పాశి తొట్టి చూసి లక్ష్మి ఇంట్లోకొస్తాదా?"
తొట్టి నీళ్లు పోయే కాలువ అంచున రాయికి ఒక పోగు చిక్కుకొని కనిపించింది. వేలికి చుట్టుకుంటే జారుతోంది, పట్టుదారంలా. లోపల పచ్చని రిబ్బను మెలికలు తిరిగి ఉంటుందట. మైక్రోస్కోపు కర్నూలులో. నేను బేతంచెర్లలో. కళ్లు మూసుకొని చూశాను.

నవంబర్ 9
కిటికీలో నాలుగు సీసాలు. తొట్టి పోగు. కాలువ పక్కన నల్లటి పొర, ఆసిలటోరియా — దాని పోగులు ఊగుతాయట, ఎక్కడికీ పోకుండానే నాలాగా. మిద్దె ట్యాంకు గోడకు పట్టిన గోధుమరంగు జిగురు — డయాటమ్‌లు, గాజులాంటి పెంకులలో బతికేవి. వాకిట్లో వాన గుంటలో దొర్లే పచ్చ చుక్కలు, వోల్వాక్స్.
ఐదోది చారా. సున్నం ఉన్న నీళ్లలో పెరుగుతుంది. అలాంటి నీళ్లు నిండిన పాడుబడిన గని గుంత మా మిద్దె మీది నుంచి కనిపిస్తుంది కూడా. జేజిని వదిలి ఎలా పోను?

నవంబర్ 11
చారా సంగతి విని నాయన గని గుంతలో దిగి ఒక సీసా నింపి తెచ్చాడు. ఆశగా మూత తీశాను. సన్నని ఆకులు. హైడ్రిల్లా... శైవలమే కాదు, పూలు పూసే మొక్క.
"ఇది కాదు నాయనా."
"మళ్లా దిగల్నా ఆ గుంతలో? ఏమప్పా, రాళ్లు మాని పాశి ఏరుకుంటాండావు అని అందరూ నగుతాండారు."

నవంబర్ 13
దిగాడు! తెచ్చింది ఖాళీ ఊరగాయ సీసాలో వేశాను. వెల్లుల్లి వాసన. సీసా కడిగాను. మళ్లీ వాసన. సోపుతో కడిగాను. అయినా... అప్పుడు గుర్తొచ్చింది. వాసన సీసాది కాదు, చారాది! వేళ్ల మధ్య గరగరలాడింది. ఒంటి నిండా సున్నం పొర.
జేజి ముక్కు దగ్గర పెట్టాను. "ఎవురే దీనికి తాలింపేసింది?" పడినప్పటి నుంచి జేజి నవ్వడం ఇదే మొదలు.
ఐదు సీసాలూ సిద్ధం. నేనే కదలలేను. సాయంత్రం ఆ మాట పైకే అనేశాను. జేజి గోడ వైపు తిరిగి పడుకుంది.

నవంబర్ 17
నాయన రాళ్ల దుమ్ముతో తెల్లగా లోపలికి వచ్చాడు. జేజి లేచి నిలబడింది. గోడ పట్టుకొని వాకిలి దాకా నడిచింది.
"చూసినావా అప్పా? నాకేమైంది? పిల్లను పంపు."
నాయన ముఖం ఎంత వెలిగిందో. "రేపు పొద్దున్నే బస్సెక్కు పాపా. అమ్మ మద్యాన్నం వచ్చి చూసి పోతాదిలే."
ఆయన ముందు నుంచి చూశాడు. నేను వెనక ఉన్నాను. జేజి రవిక వీపంతా చెమట. కాలు వణుకుతోంది. ఆయన స్నానానికి పోగానే మంచం మీద కూలబడి చీర కొంగు పళ్ల మధ్య కరచుకుంది.
"జేజీ..."
"నోరు తెరిచినావంటే నా మీద ఒట్టే."

నవంబర్ 18
సీసాలన్నీ జేజి పాత చీరలో చుట్టాను. సంచి వాకిట్లో. రాత్రంతా నాయనకు చెప్పాలనుకున్నాను. చెప్పలేదు... పోవాలని ఉంది. శానా ఉంది.
చెంబు నిండా నీళ్లు తెచ్చి మంచం పక్కన పెట్టబోయాను.
"ఆడొద్దు. ఆ మూల గూట్లో పెట్టు. అందేంత దగ్గర పెడితే నేను లేవలేనని మీ నాయన కనిపెడతాడు."
బయట నాయన బండి స్టార్ట్ చేశాడు. హారన్ కొడుతున్నాడు. చెంబు ఒళ్లో పెట్టుకొని ఇది రాస్తున్నాను...