పన్నెండడుగుల గోడ

బాపూ, నువ్వు పోయాక నీకు చెప్పదగ్గ మాట ఇవాళ దొరికింది. నీ బిడ్డకు లెక్కల్లో డాక్టరేట్ వచ్చింది.

బోయిగూడలో నువ్వు అలమర్లు చేసే రోజుల్లో మంచి చెక్క పలకను కోయడానికి నీకు ప్రాణం ఒప్పేది కాదు. పన్నెండడుగుల గోడకు నాలుగడుగుల పలకలు మూడో, ఆరడుగులవి రెండో సరిపెట్టేవాడివి. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యలుగా విడగొట్టే దారి ఒక్కటేనని బళ్ళో సార్ చెబితే, నేను లేచి నీ పలకల సంగతి చెప్పాను. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి చెబితే నువ్వు మాత్రం నవ్వలేదు.

"పలకలకైతే గిట్ల సుత అయితది, గట్ల సుత అయితది బిడ్డా. కానీ ఎంత పెద్ద గోడైనా, నాలుగడుగులవి పెట్టినా ఆరడుగులవి పెట్టినా, ఎక్కువ పట్టే ముక్కలు తక్కువ పట్టే ముక్కలకు ఒకటిన్నర రెట్లు దాటవు" అన్నావు.

విడగొట్టే దారులు ఒకటికి మించి ఉండే లెక్కల మీద రాసిన నా థీసిస్‌ను ఇవాళ వైవాలో సులువుగా చెప్పమన్నారు. బోర్డు మీద నీ గోడ గీశాను. నీ ఒకటిన్నర ఎందుకు దాటదో నిరూపించి, అక్కడి నుంచి నా సిద్ధాంతంలోకి వెళ్లాను. పెద్ద ప్రొఫెసర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు!

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. నువ్వు చేసిన అలమరలో థీసిస్ పెడుతూ అమ్మ అంది:

"గిదేందే, గీ ముక్కకు ఇన్నేండ్లు చదివినవా? మీ బాపు చెవి మీద పెన్సిల్ పెట్టుకొని ఎప్పుడో చెప్పిండు గద!"