లేబ్‌కి ఎత్తు స్టూలు

నర్సీపట్నం, 12-7-98

నాన్నకి దండాలు. బెంగపడకు, నేనింకా బైపీసీలోనే ఉన్నాను.

వికలాంగులకి ఏ చదువులు నప్పుతాయో చెప్పడానికి నిన్న కాలేజీకి ఒక ఆఫీసరుగారొచ్చారు. నా పోలియో కాలు చూసి, "లేబ్‌లో నిలబడలేవమ్మా, ఆర్ట్స్‌కి మారిపో" అన్నారు.

"ఏటికొప్పాకలో మా నాన్న లక్కబొమ్మలు కూకునే సేత్తాడండి. నేనూ కూకునే సేత్తాను" అన్నాను.

"లేబ్ బల్లకి అందేంత ఎత్తు స్టూలు ఇక్కడ లేదే!"

"మా నాన్న సేత్తాడండి."

మాటిచ్చేశాను, బేగి చేసి పంపు. లేబ్ బల్ల నీ నడుమెత్తు ఉంటుంది. బొమ్మల కర్ర మెత్తన, టేకు వెయ్యి. అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? తమ్ముణ్ణి అడిగానని చెప్పు.

స్టూలుకి ఎర్ర లక్క పట్టించు. నా చదువయ్యాక దాన్ని ఇంటికి తేను. నా వెనకొచ్చే పిల్లకి స్టూలు లేదని ఎవరూ చెప్పకూడదు.

నీ కూతురు,
సత్యవేణి