ఆమెకు వచ్చిన తీర్పు

అక్టోబర్ 14, మంగళవారం

సర్కారు లాయర్ పీపీ గారు పిలిచి చెప్పారు. మా తమ్ముడు క్రిస్టోఫర్ హత్య కేసు విత్‌డ్రా చేసుకుంటారట. వాణ్ణి చంపిన కోటేష్‌కు వేరే హత్యలో ఇప్పటికే యావజ్జీవం పడింది. మా తమ్ముడి కేసులోనూ పడింది కానీ, ముద్దాయికి లాయర్ లేకుండానే సాక్షులను విచారించారని హైకోర్టు ఆ తీర్పు కొట్టేసి రీట్రయల్ చేయమంది. జైల్ల ఉన్నోన్ని మళ్ళ విచారిస్తే ఎవరికి లాభమమ్మా, సాక్షులను మళ్ళ తిప్పాలె, ఇండ్ల పబ్లిక్ ఇంటరెస్ట్ ఏముంది అన్నారు. కాదంటే వచ్చే వాయిదాలో జడ్జి గారికి చెప్పుకోవాలట.

పబ్లిక్ అంటే ఎవరు? నేను కానా?

అక్టోబర్ 15

ఆ వేరే హత్య సోహైల్‌ది. ఇల్లందులో గాజుల దుకాణం నడిపే సర్వరీ బేగం కొడుకు. ఇద్దరినీ ఒకే తీరుగా చంపాడు. లిఫ్ట్ అడిగి బైక్ ఎక్కడం, అడవిలో ఆపించడం, బైక్ ఎత్తుకుపోవడం. ఆమె కేసు నిలబడింది. తీర్పు రోజు ఆమె ఫొటో పేపర్లో వచ్చింది. మిల్లులో కాటా దగ్గర ఆ పేపర్ పరుచుకుని టిఫిన్ తిన్నాను. చేతులు కూడా దానికే తుడిచాను.

ఆమెను తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఇక్కడన్నా నిజం రాసుకోవాలి.

అక్టోబర్ 19, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక ఫాదర్ గారు కోటేష్‌ను క్షమించమన్నారు. అమ్మ అవ్ ఫాదర్ అంది. ఇంటికి వచ్చి, వాడు జైల్లనే ఉన్నడు గద బిడ్డా, ఇంకేం గావాలె అంది. వాడు ఉన్నది సోహైల్ కోసం. క్రిస్టోఫర్‌ను కోర్టు లెక్కలో ఇప్పటికీ ఎవరూ చంపలేదు. ఆ మాట అంటే అమ్మ అన్నం వదిలేసి లేచింది.

అక్టోబర్ 23

వాయిదాకు లీవ్ దొరికింది. సూపర్‌వైజర్ మొహం మాడ్చుకున్నాడు. మాడ్చుకోనీ.

నవంబర్ 2, సమాధుల పండుగ

పొద్దున్నే తమ్ముడి సమాధికి సున్నం వేశాం. బంతిపూలు పెట్టాం. తలెత్తితే గేటు దగ్గర సర్వరీ బేగం. గెలిచినావిడ మమ్మల్ని చూడ్డానికి వచ్చిందనుకున్నాను.

వచ్చి సమాధి పక్కన కూలబడింది. తడి సున్నం మీద చెయ్యి పెట్టింది. నీకు ఇదన్న ఉన్నది బేటీ అంది. సోహైల్ శవం దొరకనే లేదట. కోటేష్ గోదావరిల పారేసిన్నని ఒకసారి, అడవిల పూడ్చిన్నని ఒకసారి చెప్పిండట. బైక్, ఫోన్, నెత్తుటి చొక్కా దొరికితే వాటి మీదనే శిక్ష పడింది. కొడుకు పేరు మీద ఫాతిహా చదువుదామంటే ఏ మట్టి ముంగట నిలబడాలె అంది. జైలుకు ములాఖత్‌కు పోతే వాడు బయటికే రాలేదట. రీట్రయల్ అయితే కోర్టుకు తేక తప్పదు, నా కొడుకును ఏడ పెట్టినవని ఒక్క మాట అడుగుత, కేసు ఎత్తేస్తరని విన్న, నువ్వు ఎత్తెయ్యనియ్యకు బేటీ అంది.

జాలి కలగాలి. ముందు కుళ్ళే పుట్టింది. తీర్పు ఆమెకే వచ్చె, ఇప్పుడు నా తమ్ముడి కేసు కూడా ఆమె కొడుకు కోసమేనా?

అమ్మ మాత్రం ఒక కొవ్వొత్తి ఆమె చేతికిచ్చింది.

నవంబర్ 18

వాడు ఎట్లాగూ బయటికి రాడు కదమ్మా అన్నారు జడ్జి గారు. నా తమ్ముణ్ణి ఎవరు చంపారో తీర్పులో ఉండాలి, వాడు బయటికి వస్తాడా రాడా అన్నది నాకు అక్కర్లేదు అన్నాను. సర్వరీ బేగం సంగతి కూడా చెప్పాలని వెళ్ళాను. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

జడ్జి గారు విత్‌డ్రాకు ఒప్పుకోలేదు. రీట్రయల్ ఉంది.

నవంబర్ 19

నిద్ర పట్టలేదు. వాయిదా తేదీ సర్వరీ బేగంకు ఫోన్ చేసి చెప్పాను. షుక్రియా అని ఏడ్చింది. పెట్టేశాను.

డిసెంబర్ 9

వాడిని తెచ్చారు. కోర్టు వరండాలో ఆమె కొడుకు ఎక్కడని అడిగింది. వాడు నా వైపు కూడా చూడలేదు, ఆమెకే చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారీ ముందు ఆమెకే. ఎస్కార్ట్ పోలీసులు వాడిని లాక్కుపోబోతే నేనే అడ్డం నిలబడ్డాను.