స్టిక్కర్ కింద

మే 4, సోమవారం

బోరు నీళ్లు పట్టాను. ఇడ్లీ, టమాటా పచ్చడి. రెండు బకెట్ల బట్టలు. మామిడికాయ తొక్కుకు కారం జల్లించాను. మా గల్లీ ఎస్తేర్ గ్లాసు చక్కెర చేబదులు తీసుకుంది. సూపర్‌మార్కెట్‌లో సామాన్లు సర్దే ఆమెకు ఇంట్లోకి చక్కెర తెచ్చుకునే తీరిక లేదు.

అదే సూపర్‌మార్కెట్ నుంచి తెచ్చిన నూనె ప్యాకెట్. స్టిక్కర్ మీద 189. మూల కొంచెం లేచి ఉంది. గోటితో పీకితే కింద కంపెనీ అచ్చేసిన ఎమ్మార్పీ 172. నేను కట్టింది 189. స్టిక్కర్‌ను నోట్‌బుక్‌లో అంటించి పక్కన 172 అని రాశాను. మార్చి నుంచి ఇది పదకొండోది. ఇంకొక్కటి దొరికితే తూనికలు కొలతల ఆఫీసుకు తీసుకెళ్తాను.

మే 7, గురువారం

ఈసారి కొనకముందే చూద్దామనుకున్నాను. షాపులోనే కందిపప్పు ప్యాకెట్ మీద స్టిక్కర్ సగం పీకాను. అదే నా తప్పు.

సెక్యూరిటీ ఆమె చేయి పట్టుకుంది. మేనేజర్ వంశీ లోపల కూర్చోబెట్టి కెమెరాలో చూపించాడు. నా చేతులు నాకే దొంగ చేతుల్లా కనిపించాయి. బ్యాగ్ వెతికారు. నోట్‌బుక్ దొరికింది. పదకొండు స్టిక్కర్లు. వాళ్లకు ఇంకేం కావాలి. నేను ఎక్కువ ధరే కట్టానని, బిల్లులు ఇంట్లో ఉన్నాయని చెప్పాను. కంప్యూటర్‌లో చూడమంటే పాత బిల్లులు రావన్నాడు. 'మీరు' అంటున్నవాడు 'నువ్వు'లోకి దిగాడు.

"స్టిక్కర్ పీకేసి తక్కువ ధరకు కొంటున్నవ్. తప్పయిందని రాసి సంతకం పెట్టు ఆంటీ. సోమవారం పదింటిదాక టైమిస్తున్న. లేకుంటే నీ ఫోటో కౌంటర్ మీద ఉంటది. సిద్దిపేటంత చూస్తది."

ఫోటో తీశాడు. నోట్‌బుక్ తన డ్రాయర్‌లో వేసుకున్నాడు.

మే 8, ఉదయం 5:40

బిల్లుల డబ్బా తీశాను. పొయ్యి పైన షెల్ఫ్‌లో ఉంటుంది. మార్చి తెల్లగా ఉంది. ఏప్రిల్ తెల్లగా ఉంది. ఎండలు, పొయ్యి వేడి కలిసి అక్షరం మిగల్చలేదు. తేదీల వారీగా పిన్ను కొట్టిన తెల్ల కాగితాలు. మొన్న సోమవారంది ఒక్కటే చదవగలుగుతున్నాను.

ఇరవై రెండేళ్లుగా లెక్క రాస్తున్నాను. చూపించడానికి ఒక్క కాగితం.

మే 9

కూరలో ఉప్పు రెండుసార్లు పడిందన్నారు మా ఆయన. నాకు ఒక్కసారి వేసినట్టు కూడా గుర్తులేదు. ఆయనకు ఇంకా చెప్పలేదు.

మే 10, ఆదివారం

చర్చి నుంచి వస్తూ ఎస్తేర్ ఆగింది. రోజూ షట్టర్ ఎత్తకముందే ఆ స్టిక్కర్లు అంటించేది ఆమే. నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఆ ఒక్క మాట మేనేజర్ ముందు చెప్పమని అడిగాను. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అంటిచ్చింది నేనే అక్కా. సార్ అంటియ్యమన్నడు, అంటిచ్చిన. నోరిప్పితే నా నౌకరి పోతది. నీది ఇజ్జత్ ముచ్చట. నాది తిండి ముచ్చట."

చాయ్ తాగమంటే తాగలేదు. నేనిలా అడిగానని ఇప్పుడు ఈమె కూడా వెళ్లి వంశీకి చెబుతుందేమో.

మంగళవారం మా ఇంట్లో పొదుపు సంఘం మీటింగ్. పద్నాలుగు మంది పాస్‌బుక్కులు నా బీరువాలో ఉన్నాయి. నా లెక్క తప్పదనే నాకిచ్చారు. ఆ ఫోటో చూస్తే ఒక్కరైనా మళ్లీ ఇస్తారా? బీరువా తాళం ఎన్నిసార్లు లేచి చూశానో.

మే 11, సోమవారం

9:15. చీర మార్చుకున్నాను.

9:40. చెప్పులు వేసుకున్నాను. సంతకం పెడితే ఫోటో ఉండదు. కానీ దొంగనని నా చేతిరాతే ఉంటుంది, అతని డ్రాయర్‌లో. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీస్తాడు.

9:55. చెప్పులు విడిచాను. తలుపు గడియ పెట్టాను.

12:10. సంఘం వనజ ఫోన్. రేపు ఎన్నింటికని అడిగింది. చాయ్‌లోకి చక్కెర తనే తెస్తుందట. ఇప్పుడే సూపర్‌మార్కెట్‌కు పోతోందట. వద్దనడానికి కారణం దొరకలేదు. ఆ తర్వాత ఫోన్ మోగిన ప్రతిసారీ ఎవరి పేరో చూశాకే ఎత్తాను.

మే 12

ఉదయం వెళ్లి చూశాను. కౌంటర్ మీద ఫోటో ఉంది. నా చీర, నా బ్యాగ్, నా గాజులు. మొహం ఉండాల్సిన చోట ధర స్టిక్కర్. 189. వంకర లేదు, బుడగ లేదు. రోజూ మూడు వందల స్టిక్కర్లు అంటించే చేయి.

పీకలేదు.

మధ్యాహ్నం పద్నాలుగు మందీ వచ్చారు.

ఎస్తేర్: చక్కెర, ఒక గ్లాసు. చెల్లు.