కళ్ళు తెరవని మడత కంప్యూటర్

నూజివీడు,
27 ఫిబ్రవరి 1989

విజయవాడ కంప్యూటర్ కంపెనీ సర్వీసు విభాగం వారికి,
మామిడి రైతుల సంఘం గుమాస్తా లేయా నమస్కరించి రాయునది.

మీరు మా సంఘానికి ఈ సీజనుకు ట్రయలు మీద ఇచ్చిన మడత కంప్యూటర్ స్టార్ట్ కావడం లేదు. మీ మనిషి వచ్చి వెలిగించి చూపించిన రోజున బాగానే ఉంది. మర్నాటి నుంచి బటన్ ఎంత నొక్కినా తెర నల్లగానే ఉంటోంది. కరెంటు ఉంది. అదే ప్లగ్గులో ఫ్యాను పెడితే తిరుగుతోంది. నేను శిక్షణ తీసుకున్నది బల్లంత పెద్ద కంప్యూటర్ మీద. ఈ చిన్నదాని సంగతి నాకు కొత్త.

ఇది మాకెందుకో కూడా చెప్పాలి. కోతలు మొదలయ్యాక లారీలు తక్కువ, కాయ ఎక్కువ. ఎవరి కాయ ముందు ఎక్కాలన్న దగ్గరే ప్రతి ఏడూ గొడవ. వంతుల వరస కంప్యూటర్ వేస్తే ఎవరూ ఎవరినీ అనడానికి ఉండదని సంఘంలో తీర్మానించారు. దాన్ని నడపడానికి నన్ను తీసుకున్నారు. నిన్న మా ప్రెసిడెంటు బసవపున్నారావు గారు, “చూడమ్మాయ్, మిషను ఉంటేనే నీకు పని. మొదటి లారీ వచ్చేసరికి అది స్టార్ట్ కాకపోతే దాన్ని బెజవాడ పంపిస్తా, నిన్ను మీ నాన్న దగ్గరికి పంపిస్తా” అన్నారు. మా నాన్న సువర్ణరాజు తోటల్లో వల సంచీ కట్టిన చిక్కం కర్రతో కాయలు కోస్తాడు. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కినదాన్ని నేనొక్కదాన్నే. కాబట్టి త్వరగా జవాబు రాయగలరు.

ఇట్లు,
లేయా

తా.క. ఫోను చేద్దామని పోస్టాఫీసుకు వెళ్ళాను. అది కూడా స్టార్ట్ కావడం లేదు.


విజయవాడ,
4 మార్చి 1989

మహాశయా,

మీ ఉత్తరం చేరింది. నాలుగు జిల్లాలకు సర్వీసు ఇంజినీరును నేనొక్కడినే. ఇప్పట్లో నూజివీడు రాలేను. ఉత్తరాల మీదే బాగుచేసుకుందాం.

ఈ యంత్రాలకు వేడి పడదు. మీ ఆఫీసు రేకుల షెడ్డు అయి ఉంటుందని నా ఊహ. ముందు దాన్ని చల్లని చోటికి మార్చండి. దుమ్ము పడకుండా పైన ఏదైనా కప్పి, ఒక పూట అలా వదిలేసి మళ్ళీ స్టార్ట్ చేసి చూడండి.

భవదీయుడు,
చలపతిరావు, సర్వీసు ఇంజినీరు

తా.క. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం స్విచ్చి వేయకపోవడమే. కోపం తెచ్చుకోకండి, అడగడం నా డ్యూటీ.


నూజివీడు,
9 మార్చి 1989

ఇంజినీరు చలపతిరావు గారికి,
లేయా నమస్కారాలు.

మీరు రాసినట్టే చేశాం. షెడ్డులో అన్నిటికంటే చల్లని చోటు మంచినీళ్ళ కుండల పక్కన. కంప్యూటర్ను అక్కడ పెట్టాం. పైన కప్పమన్నారు కదా, తడి గోనెపట్టా కప్పారు. మా వైపు ఏది చల్లగా ఉండాలన్నా అదే కప్పుతారు. నేను వద్దన్నాను. “కంపెనీవాడు కప్పమని రాశాడా లేదా?” అన్నారు ప్రెసిడెంటుగారు. మీరు రాశారు. అందుకని ముందు దాన్ని ఎరువుల ప్లాస్టిక్ సంచీలో చుట్టి, ఆ పైన గోనె కప్పనిచ్చాను. గోనె ఆరినప్పుడల్లా నీళ్ళు చల్లడానికి ఇన్నమ్మను పెట్టారు. ఇన్నమ్మ మా అమ్మే. కూతురి ఉద్యోగం కదా అని ఒక చెంబు ఎక్కువే చల్లింది.

కంప్యూటర్ చల్లగా ఉంది. స్టార్ట్ మాత్రం కాలేదు.

ఇట్లు,
లేయా

తా.క. నేను మహాశయుణ్ణి కాదు, ఆడపిల్లని. స్విచ్చి వేశాను.


విజయవాడ,
13 మార్చి 1989

లేయా గారికి,

మీ ఉత్తరంలో తడి గోనెపట్టా దగ్గరికి వచ్చేసరికి చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. వెంటనే గోనె తీసేయండి. కంప్యూటర్ను కుండల దగ్గర్నుంచి దూరంగా, నీడలో పెట్టండి. చెమ్మ పూర్తిగా పోవాలి. పోయేదాకా ఎవరూ బటన్ నొక్కవద్దు. దానితోపాటు ఇచ్చిన చదరపు ఫ్లాపీ డిస్కు శుభ్రంగా ఉందో లేదో కూడా చూసి రాయండి.

మహాశయా అన్నందుకు మన్నించాలి. మీ అమ్మగారికి నమస్కారాలు. ఇక చల్లవద్దని చెప్పండి.

భవదీయుడు,
చలపతిరావు

తా.క. ఆరబెట్టడానికి పొయ్యి మీద పెట్టవద్దు. ఎవరూ పెట్టరని తెలుసు. అయినా రాస్తున్నాను.


నూజివీడు,
20 మార్చి 1989

చలపతిరావు గారికి,
లేయా నమస్కారాలు.

పొయ్యి మీద పెట్టలేదు. గడ్డిలో పెట్టాం.

చెమ్మ లాగడానికి వరిగడ్డిని మించింది లేదని ప్రెసిడెంటుగారి భార్య బుజ్జమ్మగారు అన్నారు. కాయలు మాగేసే గదిలోకి తీసుకెళ్ళి, కింద గడ్డి, పైన గడ్డి వేసి, తలుపు మూయించారు. చెమ్మ నిజంగానే పోయింది. కొన్ని గడ్డిపోచలు, ఒక చీమల బారు మిగిలాయి. వాటిని నేను కోడి ఈకతో తీశాను. సంఘానికి వచ్చిన రైతులంతా దాన్ని ఓసారి నొక్కి చూసి, “ఇంకా పచ్చిగానే ఉందా?” అని అడిగి పోతున్నారు. నాకు నవ్వు రావడం లేదు.

ఫ్లాపీ డిస్కు శుభ్రంగానే ఉంది. నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమబొట్టు తప్ప ఇంకేమీ లేవు. కొత్త పద్దుల పుస్తకానికి పెట్టినట్టే పెట్టారు. బొట్టు లోపలి పళ్ళేనికి తగలాలని, దాని రేకు తలుపు పక్కకు జరిపి మరీ పెట్టారు.

చింతలపూడి వైపు కోతలు మొదలయ్యాయని విన్నాను. మాకూ దగ్గరపడ్డాయి. మా నాన్న నిన్న నా కోసం కూడా ఒక చిక్కం అల్లడం మొదలుపెట్టాడు. అల్లుతున్నాడంతే.

ఇట్లు,
లేయా

తా.క. ఒక్క విషయంలో మాత్రం మీ కంపెనీని మెచ్చుకోవాలి. కంప్యూటర్ వెనక సబ్బుపెట్టె పట్టేంత సొరుగు ఇచ్చారు. అందులో నా సుద్దముక్కలు, గుండుసూదులు దాచుకుంటున్నాను.


విజయవాడ,
24 మార్చి 1989

లేయా గారూ,

అది సొరుగు కాదు! అది బ్యాటరీ ఉండే చోటు!

ఈ మోడల్లో బ్యాటరీ లేకపోతే కరెంటు ఉన్నా కంప్యూటర్ స్టార్ట్ కాదు. ఇటుకలో సగం ఉంటుంది, నల్లగా ఉంటుంది, బరువుగా ఉంటుంది. మా మనిషిని నిలదీసి అడిగాను. పెట్టే వచ్చానని ఒట్టేస్తున్నాడు. అంటే అది మీ ఊళ్ళోనే ఉంది. వెతకండి. దొరికాక దాని చోట్లో పెట్టి, కరెంటుకు తగిలించి ఒక పూట ఉంచండి. తర్వాత బటన్ నొక్కండి.

కొత్త ఫ్లాపీ పంపుతున్నాను. దీనికి పసుపు రాయవద్దు. రాయక తప్పదంటే కవరుకు రాసుకోమనండి.

మీ నాన్నగారిని ఆ చిక్కం అల్లడం ఆపమని నా మాటగా చెప్పండి.

చలపతిరావు

తా.క. ముందు ఆ గుండుసూదులు తీసేయండి.


నూజివీడు,
5 ఏప్రిల్ 1989

చలపతిరావు గారికి,
లేయా అనేక నమస్కారాలతో రాయునది.

బ్యాటరీ దొరికింది. మీ ఉత్తరం పట్టుకుని నేరుగా ప్రెసిడెంటుగారి ఇంటికి వెళ్ళాను.

“ప్రెసిడెంటుగారండీ, మిషను వెనకాల నల్ల దిమ్మ ఒకటి ఉండాలంట. చూశారాండీ?”

“చూడ్డమేంటి, నేనే తీశా. ఆ కంపెనీ కుర్రాడు అటు బస్సెక్కగానే ఊడదీసి ఇంటికి తెచ్చా.”

“ఎందుకండీ?”

“ఎందుకేంటి? తోటలో మోటారు ఫ్యూజులు ఊడదీసి ఇంటికి తెచ్చుకోకపోతే తెల్లారేసరికి పక్కతోటకి నీళ్ళు పారతాయి. ఇదీ అంతే. మనం లేనప్పుడు ఎవడన్నా వచ్చి వాడేసుకుంటే?”

“మరి పొద్దున్నే తెచ్చి పెట్టాలి కదండీ?”

“మిషను స్టార్ట్ అయితే తెచ్చి పెడదామనే చూస్తన్నా. స్టార్టే కానిదానికి ఫ్యూజు ఎందుకమ్మాయ్, దండగ!”

బుజ్జమ్మగారు దాన్ని ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పెట్టుకున్నారు. అంత బరువైన రాయి వెతికి తెచ్చిచ్చాక గానీ ఇవ్వలేదు. నూనె తుడిచి, దాని చోట్లో పెట్టి, మీరు చెప్పినట్టు కరెంటుకు తగిలించి ఉంచాను. బటన్ నొక్కగానే తెర వెలిగింది. షెడ్డులో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. మా అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు, రైతుల పేర్లు ఎక్కించాల్సి ఉంది.

తోట కోతకు వచ్చిందని ఎవరు ముందు సంఘంలో పేరు రాయిస్తే వారి కాయ ముందు ఎక్కాలి. తీర్మానం అదే. కంప్యూటర్ అలాగే వరస కట్టింది. దాన్ని చూసి గోడమీది బోర్డుకు ఎక్కించాను. ముందు వచ్చిన పేరు బసవమ్మగారిది. ఆమెకు ఉన్నది చిన్న తోట. ఇన్నేళ్ళలో ఆమె కాయ ముందు ఎక్కింది లేదు. ప్రెసిడెంటుగారు, “నా సంఘంలో నేను పేరు రాయించుకునేదేంటి?” అని ఊరుకుని ఊరుకుని అందరికంటే ఆఖర్న రాయించుకున్నారు. ఆయన బోర్డును పైనుంచి కిందకు చదివారు. మళ్ళీ చదివారు.

“అమ్మాయ్, ఇది ఇంకా బాగవలేదు. కంపెనీకి రాయి” అన్నారు.

“బాగవలేదా? నాకైతే లక్షణంగా ఉంది పున్నారావూ” అన్నారు బసవమ్మగారు.

రైతులు ఒక్కసారిగా అందుకున్నారు. సీజను అయ్యేదాకా కంప్యూటర్ను గడప దాటనిచ్చేది లేదన్నారు. తీర్మానం మీద ప్రెసిడెంటుగారి సంతకమే ఉంది కాబట్టి ఆయన వరస మార్చమని అనలేకపోయారు. నన్ను పక్కకు పిలిచి, “అది సరిగ్గా బాగయ్యేదాకా నువ్వు కంపెనీకి ఉత్తరాలు రాస్తానే ఉండు. అందాకా నీ ఉద్యోగానికి వచ్చిన ఢోకా ఏం లేదు” అన్నారు.

అయ్యా, కంప్యూటర్ ఇప్పుడు చక్కగా పనిచేస్తోంది. నా ఉద్యోగం మాత్రం అది బాగుపడకపోవడం మీదే ఆధారపడి ఉంది. మీరు ఇన్నాళ్ళూ దీన్ని బాగుచేయడానికి ఎంతో శ్రమపడ్డారు. ఇకమీదట దయచేసి అంత శ్రమ పడవద్దు. నాలుగు జిల్లాల పని ఉన్నవారు, తీరిక చూసుకునే రండి.

ఇట్లు,
మీ మేలు మరవని
లేయా

తా.క. ప్రెసిడెంటుగారి ఫిర్యాదును ఆయన చెప్పింది చెప్పినట్టు విడిగా రాసి ఈ కవరులోనే పెట్టాను. ‘యంత్రమునకు పెద్దా చిన్నా తెలియుట లేదు’ అన్న వాక్యం ఆయనదే. అది తెలిసేలా చేసే భాగం ఏదైనా మీ దగ్గర ఉంటే, స్టాకు లేదని జవాబు రాయగలరు.