మాస్టారు ఇచ్చిన ఐదు-తొమ్మిది

అక్టోబరు 19

పూజ్యులైన మినాగావా మాస్టారికి,

మీ వైపు యాపిల్ కోతలు మొదలై ఉంటాయి. పొద్దున చలి పెరిగింది, మెడకి మఫ్లర్ మరిచిపోకండి. ఋతువు సంగతితో ఉత్తరం మొదలుపెట్టడం మర్యాద కనుక ఇవి రాశాను కానీ, నా మనసు వాటి మీద లేదు.

పోయిన ఆదివారం ఎబొషి శిఖరం మీంచి మీతో రేడియోలో మాట్లాడాను. అది నా వందో శిఖరం. నిన్న సాయంత్రం మీ పేరున్న వరుసని లాగ్ పుస్తకంలో ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశాను. పైనుంచి నలుగురితో మాట్లాడితేనే శిఖరం లెక్కలోకి వస్తుంది, నాకు ఆ రోజు నాలుగోవారు మీరు. కాబట్టి నాకు మళ్ళీ తొంభై తొమ్మిదే. ఎందుకు కొట్టేశానో మీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

నాకు నత్తి. పదహారేళ్ళుగా మీకు తెలుసు, ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. నేను నూడుల్స్ కొట్టు వంటగదిలో పనికి కుదిరిందే అక్కడ మాట్లాడే అవసరం ఉండదని. ఎవరితో నోరు తెరిచినా నా వాక్యం వాళ్ళే పూర్తి చేసేవారు, అదీ చాలా దయగా. చేపల కొట్టులో నేను అడగబోయింది ఒకటి, వాళ్ళు పొట్లం కట్టేది ఇంకొకటి. అదే తెచ్చుకుని తినేదాన్ని. రేడియోలో అలా కుదరదు. బటన్ నొక్కి ఉన్నంతసేపూ వంతు నాది. నేను వదిలేదాకా అవతలివాళ్ళు ఆగాల్సిందే. ఆ సంగతి పంచాయతీ హాల్లో మీరు చెప్పిన మొదటి రేడియో పాఠంలోనే నాకు అర్థమైంది, ఇంటికెళ్ళి ఏడ్చాను.

లైసెన్సు వచ్చాక మొదటిసారి ఊరి వెనక గుట్టెక్కి పిలిచాను. ముగ్గురు పలికారు, ముగ్గురూ ఐదు-తొమ్మిది ఇచ్చారు. మాట పూర్తిగా తెలిస్తే ఐదు, గట్టిగా వినిపిస్తే తొమ్మిది, అంతకంటే పైన లేదు. మన రేడియోవాళ్ళు సంతలో రుచికిచ్చే ఊరగాయ ముక్కల్లా దాన్ని అడగకుండానే పంచుతారు. నాలుగోవారుగా మీరు పలికారు. "మూడు-ఐదు. సగం మాటలే తెలిశాయి. నాకేం తొందర లేదు, మళ్ళీ చెప్పమ్మా" అన్నారు. నా కాల్‌సైన్, లైసెన్సుతో పాటు వచ్చిన ఆ అక్షరాల పేరు, చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. మీరు మధ్యలో ఒక్క అక్షరం అందించలేదు. నన్ను మనిషిగా లెక్కపెట్టి నిజం చెప్పిన మొదటివారు మీరే మాస్టారూ. మాట్లాడినదానికి గుర్తుగా మీరు పంపిన ఆ మూడు-ఐదు కార్డు ఇప్పటికీ మా దేవుడి అరలో ఉంది.

ఆ గుట్టతో కలిపి ఆదివారం దాకా తొంభై తొమ్మిది కొండలెక్కాను. వానలో, మంచులో, ఒకసారి ఎలుగుబంట్లని బెదరగొట్టే గంట ఇంట్లో మరిచిపోయి దారంతా గిన్నె వాయించుకుంటూ. దాదాపు ప్రతి శిఖరానికీ లోయలోని మీ ఇంటి నుంచి మీరు నా కోసం గంటల తరబడి చెవి ఒగ్గి ఉండేవారు. ఒక్కసారి కూడా ఐదు-తొమ్మిది ఇవ్వలేదు. నాలుగు-మూడు, ఐదు-నాలుగు, ఎంత వినిపిస్తే అంత.

మరి ఆదివారం? నా కాల్‌సైన్ మూడుసార్లు చెప్పించుకున్నారు. ఆ తర్వాత "ఐదు-తొమ్మిది, తోకికో. వందోదానికి అభినందనలు" అన్నారు. మీ గొంతు కూడా పక్కగదిలోంచి వచ్చినంత గట్టిగా ఉంది, నేనూ ఐదు-తొమ్మిదే ఇచ్చాను. ఆ సంబరంలో ఇంకేమీ తట్టలేదు.

గురువారం మీ అమ్మాయి హారుయో గారు మా కొట్టుకి వచ్చారు. మీ ఆరోగ్యం అడిగాను. "నాన్నకేం, గుండ్రాయిలా ఉన్నాడు. చెవులే పోయాయి. కుడిది పూర్తిగా, ఎడమది సగం. టీవీ ముందు కూర్చుని మాటలన్నీ ఆయనే కల్పించుకుంటాడు. విలన్ చేత క్షమాపణ కూడా చెప్పించేస్తాడు" అని నవ్వారు.

మీకు నా మాట వినిపించలేదు మాస్టారూ. మూడుసార్లు అడిగి విసిగి, పిచ్చిదాన్ని సంతోషపెడదామని ఐదు-తొమ్మిది ఇచ్చారు. చేపల కొట్టువాళ్ళు దయ చూపిస్తే తట్టుకున్నాను. మీరు చూపిస్తే తట్టుకోలేకపోతున్నాను. మీ చెవుల మీద నాకు కోపం లేదు, మీరు "వినిపించలేదమ్మా" అని ఉంటే దిగొచ్చి మీ కాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. ఇకమీదట శిఖరాల మీంచి మిమ్మల్ని పిలవను. నా కోసం మీరు ఇంకో అబద్ధం ఆడకూడదు.

మీ శిష్యురాలు,
తోకికో ఉసుయి

అక్టోబరు 22

తొందరపాటు తోకికోకి,

యాపిల్ కోతలు అయిపోయాయి. మఫ్లర్ కట్టుకునే ఉన్నాను. ఇక తిట్లు విను.

అరవై ఏళ్ళ రేడియో జీవితంలో నా రిపోర్టుని అబద్ధమన్న మొదటి మనిషివి నువ్వు. హారుయో చెప్పింది నిజమే. టీవీ మాటలు కల్పించుకుంటాను, ఆ నాటకాలు నా మాటలతోనే బాగుంటాయి. కానీ లాగ్ పుస్తకం టీవీ కాదు.

వసంతకాలం నుంచి ఇంట్లో కూర్చుంటే కొండల మీది సన్నటి గొంతులు నాకు అందడం లేదు. జూన్‌లో నువ్వు ఏదో శిఖరం మీంచి పిలుస్తున్నావని తెలుసు. రేడియో మీద సిగ్నల్ చూపించే సూది కదులుతోంది, మాట లేదు. నువ్వు నలభై నిమిషాలు పిలిచావు. ఆ రోజు నేను రాత్రి భోజనం చెయ్యలేదు. హారుయో అడిగితే వేడి చేసిందన్నాను, అదొక్కటే ఈ ఏడాది నేనాడిన అబద్ధం.

వందోది ఎబొషి అని నువ్వు ఉత్తరం రాశాక ఆలోచించాను. చెవిని పెద్దది చేసుకోలేను, దూరాన్ని చిన్నది చేసుకోగలను. ఆదివారం పొద్దున మొదటి బస్సెక్కి ఎబొషి కొండ దారి మొదట్లో దిగాను. డ్రైవరు "తాతగారూ, ఈ మోకాళ్ళతో పైకెక్కుతారా?" అన్నాడు. "నేనెక్కను బాబూ. పైనుంచి ఒకావిడ మాట్లాడుతుంది, వింటాను" అన్నాను. అతను నన్ను చూసిన చూపు నీకు చెప్పను. బెంచీ మీద చేతి రేడియో పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నాను. నువ్వు పిలిచే వేళకి సరిగ్గా ఇంకో బస్సు వచ్చి ఇంజను ఆపకుండా నిలబడింది. అందుకే మూడుసార్లు అడిగాను. మూడోసారికి అది పోయింది. నీ కాల్‌సైన్‌లో ప్రతి అక్షరం, నువ్వు ఎక్కడ ఆగావో, ఎంతసేపు ఆగావో కూడా విన్నాను. సూది చివరికంటా వెళ్ళింది. నీ గొంతు నాకు అంత దగ్గరగా ఎప్పుడూ వినిపించలేదు. ఐదు-తొమ్మిది నేనివ్వలేదమ్మా, నువ్వు సంపాదించుకున్నావు.

ఎక్కడున్నానో చెప్పలేదు, అది నా తప్పే. చెబితే మూటాముల్లె సర్దుకుని పరిగెత్తుకొస్తావు, ఆ రాళ్ళ దారిలో కాలు విరుగుతుంది. రేడియో సంఘం ద్వారా ఆదివారం కార్డు నీకు చేరడానికి ఎలాగూ ఆరు నెలలు, అప్పుడు చూసి నవ్వుకుంటావనుకున్నాను. నువ్వు ఆరు రోజులు కూడా ఆగలేదు. అందుకే కార్డు ఇందులోనే పెట్టాను. స్థలం అన్నచోట చూడు, 'ఎబొషి బస్‌స్టాపు, బెంచీ' అని ఉంటుంది. శిఖరానికి ఆరువందల మీటర్ల కింద, అవతలివాడు శిఖరం మీదే ఉండకూడదంతే, కాబట్టి నిబంధనల ప్రకారం ఏ అభ్యంతరమూ లేదు. బస్సు టికెట్టు కూడా జత చేశాను, అనుమానపు మనిషివి కనుక.

ఆ ఎర్ర గీత చెరిపెయ్. చెరగకపోతే అదే వరుస కింద మళ్ళీ రాసి పక్కన నా పేరు పెట్టు.

నూటొకటోది ఏ కొండో త్వరగా రాయి. బస్సు వేళలు చూసుకోవాలి.

నీ మాస్టారు,
ఎయిసాకు మినాగావా