గోల్ఫ్ మైదానంలో సమాధుల పండుగ

జనగామ,
9 నవంబరు 2025.

ప్రియమైన ప్రదీపన్నకు,

ప్రభువు పేరిట నీకు, సుజాత వదినకు వందనాలు. ఇక్కడ అమ్మ, నేను బాగున్నాం. అమ్మ బీపీ కూడా అదుపులోనే ఉంది. దవాఖానలో నాకు ఈ వారం పగటి డ్యూటీ. ఫోన్ చేస్తే మాట మధ్యలోనే పెట్టేస్తున్నావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీన్నయినా చివరిదాకా చదువు.

"అమ్మను తీసుకపోయి మా సారుకు మాఫీ చెప్పించు" అని మెసేజ్ పెట్టావు. చెప్పించను. మీ సారు తీసి నీకు పంపిన వీడియోలో ఉన్నది సగమే. మిగతా సగం నేను చెబుతాను.

మహబూబాబాద్ దాటాక ఉన్న ఆ పాత గోల్ఫ్ క్లబ్‌కు నూరేళ్లు నిండాయని, నవంబరు రెండు, ఆదివారం నాడు ఎవరైనా వచ్చి చూడవచ్చని పేపర్లో వేశారు. అది మనం పోయినవాళ్ల సమాధుల మీద పూలు, కొవ్వొత్తులు పెట్టే సమాధుల పండుగ రోజు. అమ్మ పుట్టిన వాడ ఆ క్లబ్ గోడకు ఆనుకునే ఉండేదని నీకు తెలుసు. పోశాలు తాత అక్కడే కూలి చేసి, అమ్మ చిన్నతనంలోనే పోయాడు. ఆ తర్వాత క్లబ్ వాళ్లు మైదానం పెంచుకుంటూ మన వాళ్లను పూడ్చిన బొందలగడ్డను కూడా లోపల కలుపుకున్నారు. సమాధి రాళ్లు పీకేసి నేల చదును చేశారు. అప్పటినుంచి అమ్మ ఆ గేటు దాటలేదు. నేను పేపరు చదివి వినిపించగానే, "పోదాం పా బిడ్డా, వాళ్లే పిలుస్తున్నరు గదా" అంది.

చర్చి అయ్యాక పోయాం. అబద్ధమెందుకు అన్నా, బాగుంది ఆ బంగళా. ఎర్ర పెంకులు, పొడవాటి వరండా, అద్దాల బీరువాల్లో వెండి కప్పులు, బంతి కొట్టే చెక్క కర్రలు. కార్యదర్శి ప్రేమ్‌చంద్ గారు అందరినీ వెంటబెట్టుకుని చరిత్ర చెప్పారు. నిజాం కాలంలో రైల్వే దొరలు పొద్దుపోక మొదలుపెట్టారట. బంతి పడే గుంతల చుట్టూ గడ్డి బతక్కపోతే, ఇసుకలో ఇంజన్ల కాలిన నూనె కలిపి పరిచి, రోలర్‌తో అణగదొక్కి, బంతిని దాని మీద దొర్లించేవారట. గోడ మీది ఫోటోలో దొరల పేర్లన్నీ ఉన్నాయి. వెనక రోలర్ లాగుతున్న మనుషుల పేర్లు లేవు. అమ్మ ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. "మా నాయిన ఒంటి మీద గా నూనె వాసనే ఉండేది" అని నాకు మాత్రమే వినిపించేలా అంది.

తర్వాత ప్రేమ్‌చంద్ గారు చెయ్యి చాపి మైదానం చూపిస్తూ, ఒకప్పుడు ఇదంతా ఎవరికీ పట్టని బంజరు అన్నారు.

"బంజరెట్లయితది సారూ? ఆడ మా బొందలగడ్డ ఉండె" అంది అమ్మ.

ఆయన నవ్వి, వెండి కప్పుల వైపు తిరిగారు. ఆ నవ్వే చేసిందన్నా ఇదంతా.

అమ్మ వరండా మెట్లు దిగింది. గడ్డి మీద చెప్పులు వద్దని బోర్డుంటే, విప్పి చేతిలో పట్టుకుంది. మైదానం నడిమికి పోయి కూర్చుని, సంచిలోంచి బంతిపూలు తీసి పెట్టి, కొవ్వొత్తులు వెలిగించింది. కాపలా ఉన్న అమర్‌సింగ్ ఉరుక్కుంటూ వచ్చి, "లెవ్వు అవ్వా, బంతి తాకితే తలకాయ పలుగుతది" అని బతిమాలాడు. "ఆడెటోళ్లనే జర ఆగుమను బిడ్డా" అంది అమ్మ. అతను మా ముందు నిలబడి, ఆటగాళ్లకు ఆగమని చెయ్యి ఊపాడు.

ఆ ఆటగాళ్లలో ఒకాయన కర్ర పట్టుకుని అరుచుకుంటూ వచ్చాడు. ఫోన్‌లో వీడియో తీస్తూ, ఎవరు నువ్వు, ఎవరు రానిచ్చారు అని గద్దించాడు. అమ్మ లేవలేదు. "యాకమ్మను. పోశాలు బిడ్డను. భూపాలపల్లిల ప్రదీప్ లేడా, సూపర్‌వైజర్, వాని తల్లిని" అంది. ఆయనే నీ పై అధికారి దయాకర్ సారని మాకేం తెలుసు?

ప్రేమ్‌చంద్ గారు వచ్చి, ఇక్కడ సమాధి ఉందనడానికి ఆధారమేముందని అడిగారు. "మా నాయిన మీద నా చేత్తోని మట్టేసిన. ఇంకేం ఆధారం గావాలె?" అంది అమ్మ. నేనూ అమ్మ పక్కన కూర్చున్నాను.

వీడియోలో లేనిది ఇక్కడినుంచే. వంటగదిలో గిన్నెలు తోముతున్న ఆడవాళ్లు, ఆ వాడవాళ్లే, చేతులు తుడుచుకుంటూ ఒక్కొక్కరే వచ్చి గడ్డి మీద కూర్చున్నారు. వాళ్ల వాళ్లూ అక్కడే కదా ఉన్నది! ఒకామె తన అత్తకని, ఇంకొకామె పురిట్లో పోయిన చెల్లెకని పువ్వులు అడిగి తీసుకున్నారు. అరగంటలో లేవమన్నారు ప్రేమ్‌చంద్ గారు. వత్తులు ఆరినాక లేస్తామంది అమ్మ. ఆరినాకే లేచాం.

మర్నాడు క్లబ్ గేటుకు బయటివాళ్లకు ప్రవేశం లేదని బోర్డు పెట్టారట. పెట్టనీ. వచ్చే ఏడు గేటు ముందే కూర్చుంటాం. వాడవాళ్లు కూడా వస్తామన్నారు.

నీ ఉద్యోగం సంగతి నాకు తెలుసన్నా. నీకు కష్టమైతే నా జీతం ఉంది, మన ఇల్లుంది. కానీ తండ్రి దగ్గర దీపం పెట్టినందుకు అమ్మ ఎవరి ముందూ తల వంచదు. నేను వంచనివ్వను. మీ సారు అడిగితే, పోశాలు మనుమడినని చెప్పు. అంతకంటే ఏమీ చెప్పనక్కర్లేదు.

నీ మీద కోపంతోనూ ప్రేమతోనూ,
నీ చెల్లెలు
షారోన్

తా.క.: తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మను అడిగాను, రాయి లేదు, గుర్తు లేదు, తాత ఉన్న చోటును అంత సూటిగా ఎట్ల పట్టుకున్నావని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకేం ఎరుక బిడ్డా? గప్పుడు నేను గింతంత పోరిని. గా గడ్డ మొత్తంల యాడ పండుకున్నడో మా నాయిన! యాడ కూసుంటే వాళ్ల ఆట ఆగుతదో చూసి, ఆడ కూసున్న" అంది. ఈ మాట మీ సారుకు చెప్పాలనిపిస్తే చెప్పుకో.